తలుపులకి ఏ పెయింట్? తెల్ల ఎనామెల్ పసుపెక్కింది, మేస్త్రి మళ్ళీ ఆయిల్ పెయింటే అంటున్నాడు

కృష్ణలంక_ఇల్లాలు

మా ఫ్లాట్‌లో లోపలి తలుపులు, గుమ్మాలు అన్నీ తెల్ల ఎనామెల్. బిల్డర్ అప్పగించినప్పుడు తళతళలాడుతూ ఉండేవి. ఇప్పుడు హాల్లోకి కనిపించే వైపు పర్వాలేదు గానీ, బెడ్‌రూమ్ తలుపు వెనక్కి తిప్పి చూస్తే, ఎప్పుడూ గోడకి ఆనుకుని ఉండే ఆ వైపంతా నెయ్యి రంగుకి తిరిగింది. అలమర లోపలి అంచులూ అంతే. ఒకే తలుపు, ఒకే డబ్బా పెయింట్, రెండు వైపులా రెండు రంగులు. బాత్రూమ్ తలుపు అడుగున అయితే పొక్కులు లేచి రాలుతోంది.

సంక్రాంతి లోపు అన్నీ మళ్ళీ వేయిద్దామని మేస్త్రిని పిలిస్తే "తలుపులకి ఆయిల్ పెయింటే అమ్మా, నీళ్ళ పెయింట్ వేస్తే పొరలు పొరలుగా ఊడొస్తుంది" అన్నాడు. షాపాయన మాత్రం "ఇప్పుడందరూ వాటర్ బేస్డ్ ఎనామెలే పట్టుకెళ్తున్నారు, వాసన రాదు, పసుపెక్కదు" అంటాడు. ఇంట్లో మా అత్తగారికి ఆయాసం, ఘాటు వాసన పడదు. నాకు తెలుపే కావాలి. మావారు బ్రౌన్ వేసేస్తే గొడవ వదులుతుంది అంటున్నారు. ఎవరి మాట వినాలి? ఇళ్ళల్లో వేయించుకున్నవాళ్ళు చెప్పండి, ఏం వేశారు, ఎన్నాళ్ళు నిలిచింది.

ఉప్పల్_సెకండ్‌ఫ్లోర్

వాటర్ బేస్డ్ కళ్ళు మూసుకుని తీసుకోండి. మాకు వేసి నాలుగేళ్ళు దాటింది, తెలుపు తెలుపులాగే ఉంది. వాసన కూడా చాలా తక్కువ, కిటికీలు తీసి ఫ్యాన్ వేస్తే సాయంత్రానికి తెలియనే లేదు.

సీమ_సిద్ధు

నాలుగేళ్ళకే అంత సంబరమా అన్నా. కర్నూల్లో మా నాన్న వేయించిన ఆయిల్ ఎనామెల్ నా పెళ్ళికి ముందుది, ఇప్పుడు నా కొడుకు స్కూలుకి పోతున్నాడు, గోరుతో గీకినా రాదు. పసుపెక్కే మాట నిజమే, అందుకే మావాళ్ళు తెలుపు జోలికి పోరు. బ్రౌన్, లేదంటే స్కై బ్లూ. మీవారి మాటకే నా ఓటు మేడమ్.

కృష్ణలంక_ఇల్లాలు

@సీమ_సిద్ధు మీరు ఆయన ఫ్రెండ్ కాదు కదా? మా ఇంట్లో కారిడార్‌కి కిటికీ లేదండి, బ్రౌన్ వేస్తే పట్టపగలు లైటు వేసుకోవాలి. తెలుపు సంగతే చెప్పండి.

కెమిస్ట్రీ_కిట్టు

ఒకే తలుపుకి రెండు రంగులు ఎందుకొచ్చాయో చెప్తాను. మామూలు ఎనామెల్‌లో రంగుని పట్టి ఉంచే జిగురు లాంటిది ఆల్కిడ్ రెజిన్, దాన్ని సోయా, అవిసె లాంటి నూనెలతో తయారుచేస్తారు. అది తిన్నర్ ఆవిరైపోగానే ఆరిపోయే సరుకు కాదు. ఆ తర్వాత అందులోని నూనె గాలిలో ఆక్సిజన్‌ని తీసుకుని గట్టిపడాలి. పైకి గట్టిపడ్డాక కూడా ఆ చర్య లోలోపల ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది, అందులో పుట్టే కొన్ని పదార్థాలకి పసుపు రంగు ఉంటుంది. వెలుతురు తగిలేచోట ఆ రంగు ఎప్పటికప్పుడు విరిగిపోతుంది. చీకట్లో విరగదు, పేరుకుంటుంది. అందుకే తలుపు వెనక, అలమర లోపల, క్యాలెండర్ తగిలించిన చోట ముందు పసుపెక్కుతుంది.

నమ్మకం కుదరకపోతే ఆ తలుపుని కొన్నాళ్ళు కిటికీ వెలుతురు పడేలా తిప్పి ఉంచండి. కొంత తెలుపు తిరిగొస్తుంది. మళ్ళీ మూస్తే పసుపు మళ్ళీ వస్తుందనుకోండి, అది వేరే సంగతి.

ఇంకో కారణం అమ్మోనియా. గోడలకి వేసే కొన్ని ఎమల్షన్లు ఆరేటప్పుడు కాస్త అమ్మోనియా వదులుతాయి. కొత్త ఎనామెల్ వేసిన గదిలో గోడలకి ఎమల్షన్ వేసి కిటికీలు మూసేస్తే తెల్ల తలుపులు తొందరగా రంగు మారతాయి. గోడలు ముందు, గాలి బాగా ఆడనిచ్చి తలుపులు తర్వాత. వాటర్ బేస్డ్ ఎనామెల్‌లో ఉండేది ఎక్కువగా యాక్రిలిక్, దానికి నూనె లేదు కాబట్టి ఈ బాధ లేదు. తెలుపు కావాలంటే నా లెక్కలో వేరే ఆలోచన అక్కర్లేదు.

సీమ_సిద్ధు

ఇంత సైన్సు నాకు తెలీదు గానీ, ఊడొస్తుంది అన్న మేస్త్రి మాటకి జవాబేది? మా బావమరిది వాళ్ళింట్లో నీళ్ళ ఎనామెల్ వేశారు, పిల్లలు తలుపుకి స్టిక్కర్ అంటించి పీకితే స్టిక్కర్‌తో పాటు అరచేయంత పెయింట్ వచ్చింది. కింద పాత పెయింట్ మెరుస్తూ కనిపించింది.

లప్పం_మాస్టర్

ఆఖరి మాటలోనే జవాబుంది సిద్ధు గారు. "కింద పాత పెయింట్ మెరుస్తూ కనిపించింది" అన్నారు చూడండి. అంటే ఎవరో మెరుపు చంపకుండా పైన పూసేశారు. నేను రాజమండ్రి చుట్టుపక్కల పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, రెండు రకాలూ వేస్తాను. మేస్త్రి చెప్పిందీ నిజమే, షాపాయన చెప్పిందీ నిజమే. పాత ఆయిల్ ఎనామెల్ మీద నేరుగా వాటర్ బేస్డ్ వేస్తే ఊడుతుంది. సరిగ్గా తయారుచేసి వేస్తే ఊడదు. ఆ తయారీకి రోజు కూలీ అవుతుంది కాబట్టి చాలామంది మేస్త్రీలు ఆ మాట ఎత్తకుండా ఆయిలే అంటారు, పాత ఆయిల్ మీద కొత్త ఆయిల్ కొంచెం అజాగ్రత్తగా వేసినా పట్టుకుంటుంది.

అమ్మా, ముందు మీ తలుపు మీద ఉన్నది ఆయిలో కాదో తేల్చుకోండి. మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ దొరుకుతుంది. దూది ముంచి, తలుపు వెనక కనపడని మూల గట్టిగా అరనిమిషం రుద్దండి. దూదికి తెల్లగా రంగు అంటి, తలుపు జిగటగా తగిలితే అది వాటర్ బేస్డ్. మురికి తప్ప ఏమీ రాకపోతే ఆయిల్.

ఆయిల్ అయితే పని వరస ఇది. ముందు కడగాలి. సాండ్ పేపర్ పట్టాక కాదు, పట్టకముందు. వంటింటి గుమ్మం మీద, గడియ చుట్టూ, చెయ్యి ఆనేచోట కంటికి కనపడని జిడ్డు ఉంటుంది, అక్కడ పేపర్ పడితే జిడ్డు పోదు, గీతల్లోకి దిగుతుంది. దాని మీద పెయింట్ వేయడమంటే నూనె రాసిన నుదుటి మీద బొట్టు పెట్టినట్టే. గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చటి నీళ్ళలో వేసి స్పాంజితో తుడిచి, మళ్ళీ రెండుసార్లు మంచినీళ్ళతో తుడిచి ఆరనివ్వాలి.

తర్వాత 180 నంబర్ పేపర్‌తో మెరుపు చావాలి. పెయింట్ మొత్తం గీకి చెక్క తేల్చక్కర్లేదు. లైటు పక్కనుంచి వేసి చూస్తే ఎక్కడా మెరవకూడదు, అంతే. బీడింగ్ (అంచుకి కొట్టే సన్న చెక్క పట్టీ) మూలల్లో చెయ్యి పట్టదు, అక్కడ పేపర్ మడిచి గోటితో నొక్కి తియ్యాలి, పెయింట్ మొదట లేచేది ఆ మూలల్లోనే. ఆ దుమ్ము తడిగుడ్డతో తుడిచి, గట్టిగా అంటుకునే ప్రైమర్ (రంగు కింద వేసే పూత) ఒక కోటు. ప్రైమర్ ఆరాక 320తో తేలిగ్గా ఒక చెయ్యి. ఆ తర్వాత వాటర్ బేస్డ్ ఎనామెల్ రెండు పల్చటి కోట్లు. ఇలా చేస్తే స్టిక్కర్ కాదు, ప్యాకింగ్ టేప్ వేసి లాగినా రాదు.

ఉప్పల్_సెకండ్‌ఫ్లోర్

మాకు ప్రైమర్ లేకుండానే వేశారు మాస్టారూ, పేపర్ మాత్రం బాగా పట్టారు. ఏమీ ఊడలేదు. ప్రైమర్ దండగ ఖర్చేమో అని నా అనుమానం.

లప్పం_మాస్టర్

మీకు నిలిచింది, సంతోషం. పేపర్ బాగా పడితే కొన్నిసార్లు నిలుస్తుంది. అయిదు తలుపుల ఇంట్లో నాలుగు నిలిచి ఒకటి ఊడితే ఆ ఒక్కదాని కోసం నేను మళ్ళీ వెళ్ళాలి, అందుకే నేను ప్రైమర్ మానను. అనుమానం ఉన్నవాళ్ళు ఒక పని చెయ్యండి. తలుపు వెనక జానెడు జాగాలో మీరనుకున్న పద్ధతిలో వేసి వారం వదిలెయ్యండి. తర్వాత బ్లేడుతో ఐమూలగా ఒక గుణకారం గుర్తు గీసి, దాని మీద టేప్ నొక్కి ఒక్కసారి లాగండి. గీతల అంచుల్లో పెయింట్ రాలేదంటే మిగతా తలుపులకి ధైర్యంగా వెళ్ళచ్చు.

చెక్కపని_చీరాల

పైపూత సంగతి మీరు చూసుకోండి, నేను బాత్రూమ్ తలుపు దగ్గరికొస్తాను. అడుగున పొక్కులంటే అది పెయింట్ రోగం కాదు. ఫ్లష్ డోర్, అంటే పలకలు లేకుండా చదునుగా ఉండే ప్లై తలుపు, దాని అడుగు అంచుకి ఎవరూ రంగు వేసి ఉండరు. తలుపు బిగించాక కింది అంచు కనపడదు కదా, బ్రష్ దూరదు కదా, వదిలేస్తారు. పై అంచూ అంతే. ఆ రెండు అంచుల్లోనూ ప్లై పొరల కోసలు తెరిచి ఉంటాయి. బాత్రూమ్‌లో కొట్టిన నీళ్ళు కిందనుంచి పీల్చుకుని, పొరలు ఉబ్బి, పెయింట్‌ని లోపలినుంచి తోస్తాయి. పైన మీరు ఎంత ఖరీదైనది పూసినా మళ్ళీ అదే కథ.

బందుల స్క్రూలు విప్పి తలుపు దింపండి. గంట పని. రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టి, ఉబ్బిన చోట గీకి, పూర్తిగా ఆరనిచ్చి, అడుగు అంచుకి ప్రైమర్ రెండు మూడు కోట్లు తాగినంత తాగించండి. పై అంచుకీ అదే. తర్వాతే లప్పం, పేపర్, రంగు. పొరలు విడిపోయి చేత్తో నొక్కితే మెత్తగా తగులుతుంటే మాత్రం దాన్ని వదిలెయ్యండి, బాత్రూమ్‌కి డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) తలుపు పెట్టుకోండి.

కృష్ణలంక_ఇల్లాలు

@చెక్కపని_చీరాల మీరు చెప్పాక ఫోన్ కెమెరా నేల మీద పెట్టి తలుపు కింద ఫొటో తీశాను. నిజమే, ఒట్టి చెక్క! ఒక్క చుక్క రంగు లేదు. మిగతా తలుపులన్నీ చూశాను, అన్నీ అంతే. నొక్కితే ఇంకా గట్టిగానే ఉంది.

@లప్పం_మాస్టర్ స్పిరిట్‌తో రుద్దాను, దూదికి మురికి తప్ప ఏమీ రాలేదు. ఆయిలే.

గాజువాక_గాలి

ఫొటో ఐడియా బాగుంది, నేనూ తీస్తా. మా వైపు సముద్రపు గాలికి వానాకాలం వచ్చిందంటే ప్రతి తలుపూ గుమ్మానికి పట్టేస్తుంది, భుజంతో తోసి తెరవాలి. పెయింట్ వేయించే ముందు చిత్రిక పట్టించాలా?

చెక్కపని_చీరాల

@గాజువాక_గాలి ఏ నెలలో పట్టేస్తోంది అన్నదాన్ని బట్టి. ఆగస్టులో బిగిసిన తలుపుని ఆగస్టులోనే చిత్రిక పడితే మార్చికి వదులై గాలికి కొట్టుకుంటుంది. చెక్క ఎండిపోయి కుదించుకున్నాక, అంటే సంక్రాంతి తర్వాత చూడండి. అప్పుడు కూడా రాసుకుంటుంటేనే కొంచెం తియ్యాలి. తీసిన అంచు అదే రోజు ప్రైమర్ పట్టించాలి, ఒట్టి చెక్కగా రాత్రి వదలకూడదు. తలుపుకీ గుమ్మానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. పాతిళ్ళలో కోటు మీద కోటు పడి ఆ సందంతా పెయింటే తినేస్తుంది. అలాంటిచోట చెక్క తీయక్కర్లేదు, పేరుకున్న పెయింట్ గీకేస్తే తలుపు దానంతటదే తేలికవుతుంది.

గుంటూరు_పాతిల్లు

పాత పెయింట్ గీకడం అన్నారు కాబట్టి అడుగుతున్నా. మాది తాతల నాటి ఇల్లు, టేకు తలుపుల మీద పచ్చ ఎనామెల్ ఎన్ని పొరలో లెక్కలేదు. మనవరాలు పాకుతోంది. మెషీన్ పెట్టి గీకించేద్దామా?

కెమిస్ట్రీ_కిట్టు

@గుంటూరు_పాతిల్లు ఆగండి. పిల్ల ఇంట్లో ఉండగా మెషీన్ వద్దు. పాత ఎనామెల్స్‌లో, ముఖ్యంగా పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్ళకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని 2016లో రూల్ తెచ్చారు, 2017 నవంబర్ నుంచి అమలు. అంతకు ముందు వేసినదాంట్లో ఎంత ఉందో చూసి చెప్పలేం, ఉందనుకునే నడుచుకోవాలి. పొడి సాండింగ్ చేస్తే ఆ దుమ్ము నేల మీద పడుతుంది, పాకే పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు, చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకి సీసం చాలా చెడ్డది. హీట్ గన్‌తో కాల్చడమూ వద్దు.

పెయింట్ గట్టిగానే ఉంటే మొత్తం గీకకండి. వాటర్ పేపర్ (తడిపి వాడే సాండ్ పేపర్) తడిపి, తడి మీదే పైపైన మెరుపు చంపి, ఆ మురికి గుడ్డతో ఎత్తేసి పైన కొత్తది వేసెయ్యండి. గీకక తప్పదంటే తలుపు దింపి బయట, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, పెయింట్ రిమూవర్ వాడించండి, ఆ పొట్టు పెరట్లో కలపకండి. పనివాళ్ళకీ మాస్కు ఇవ్వండి. వాళ్ళకీ ఇంట్లో పిల్లలుంటారు, ఆ బట్టలతోనే ఇంటికెళ్తారు.

గుంటూరు_పాతిల్లు

ఇది నాకెవరూ చెప్పలేదు. మేస్త్రి రేపు మెషీన్ తెస్తానన్నాడు, ఇప్పుడే ఫోన్ చేసి వద్దంటాను. పిల్ల ఊరెళ్ళాక చూస్తాం. ధన్యవాదాలు కిట్టు గారు.

ప్లేనో_బాబాయ్

మేం టెక్సస్‌లో. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ తలుపు, గుమ్మం పట్టీ, గోడ అడుగున ఉండే బేస్‌బోర్డ్ అన్నీ తెలుపే, సెమీ గ్లాస్ ఫినిష్. 1978కి ముందు కట్టిన ఇల్లయితే ఇక్కడా సీసం గొడవే, ఆ ఏడే ఇళ్ళ పెయింట్‌లో నిషేధించారు.

నేను మా తలుపులకి నేనే వేశాను. ఇక్కడ నీళ్ళలో కలిసే ఆల్కిడ్ అని మూడో రకం ఉంది, బెంజమిన్ మూర్ అడ్వాన్స్ లాంటివి. బ్రష్ గీతలు వాటంతటవే సర్దుకుని నున్నగా వస్తుంది, చేతులు నీళ్ళతో కడుక్కోవచ్చు. కాకపోతే కోటుకీ కోటుకీ మధ్య 16 గంటలు ఆగాలి. తొందర ఉన్నవాళ్ళకి పనికిరాదు. పైన్ చెక్క ముడులు తెల్ల పెయింట్ కిందనుంచి గోధుమ రంగు మచ్చలుగా పైకొస్తాయి, వాటి మీద ముందు షెల్లాక్ ప్రైమర్ వెయ్యాలి, మామూలు ప్రైమర్ ఆపలేదు.

లప్పం_మాస్టర్

@ప్లేనో_బాబాయ్ ముడుల మాట బాగా చెప్పారు. షెల్లాక్ అంటే మన లక్కే. మా నాన్న కాలంలో ముడి కనిపిస్తే దాని మీద లక్క పాలిష్ రెండు చేతులు పూసి తర్వాతే ప్రైమర్ పెట్టేవారు. ఇప్పుడు మన దగ్గరా దిగుమతి పైన్ కిటికీలు, గుమ్మాలు వస్తున్నాయి కాబట్టి పనివాళ్ళు ఇది తెలుసుకోవాలి.

తెనాలి_టీచరమ్మ

ఇల్లాలుగారూ, మా ఇంట్లో వాటర్ బేస్డ్ వేసిన కొత్తలో ఒక తలనొప్పి వచ్చింది, ముందే చెప్తున్నా. చేత్తో పట్టుకుంటే ఆరిపోయింది. సాయంత్రం తలుపులు గడియ పెట్టుకుని పడుకున్నాం. పొద్దున లాగితే టప్పున శబ్దం చేస్తూ తెరుచుకుంది, గుమ్మానికి ఆనుకునేచోట చిన్న చిన్న పెచ్చులు లేచాయి. వేసినవాళ్ళు మాకు ఒక్క మాట చెప్పలేదు.

కెమిస్ట్రీ_కిట్టు

అవును, ఇది వాటర్ బేస్డ్‌కి ఉన్న బలహీనత. పైన ఆరడం వేరు, పూర్తిగా గట్టిపడడం వేరు. గంటలో చెయ్యి పెట్టచ్చు, నాలుగైదు గంటల్లో రెండో కోటు వెయ్యచ్చు, కానీ అసలు గట్టిదనం రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోపు పెయింట్‌కి పెయింట్ గట్టిగా ఆనితే అంటుకుంటాయి.

లప్పం_మాస్టర్

మొదటి వారం రాత్రిళ్ళు కూడా తలుపు కొంచెం తెరిచి ఉంచండి. బాత్రూమ్ తలుపు మూయక తప్పదు కాబట్టి ఆనే అంచు మీద టాల్కం పౌడర్ కొంచెం అద్దండి, లేదా ఒక బటర్ పేపర్ ముక్క పెట్టి మూయండి. గుమ్మానికి రబ్బర్ పట్టీ ఉంటే దాన్ని నెల తర్వాతే అంటించండి.

సీమ_సిద్ధు

చూశారా, ఆయిల్‌కి ఈ తంటాలేవీ లేవు. రాత్రి వేసి తెల్లారి రెండో కోటు, అయిపాయె.

లప్పం_మాస్టర్

ఆయిల్‌కి ఆయిల్ తంటాలు ఉన్నాయి సిద్ధు గారు. వాసన రోజుల తరబడి ఉంటుంది, ఆయాసం ఉన్నవాళ్ళ ఇంట్లో నేను వెయ్యను, వాళ్ళు అడిగినా వెయ్యను. ఇంకోటి, అవిసె నూనె గానీ ఆయిల్ పెయింట్ గానీ తుడిచిన గుడ్డలు ఉండగా చుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి మంట అంటుకోవచ్చు. తీగ మీద విడివిడిగా ఆరేసి, ఎండాకే పారెయ్యాలి. కుర్రాళ్ళకి నేను మొదటిరోజు చెప్పేది ఇదే.

కానీ మీ మాటలో నిజమూ ఉంది. బాల్కనీ గ్రిల్, ఇనప గేటు, అద్దెకిచ్చే పోర్షన్‌లో దెబ్బలు తినే ముదురు రంగు తలుపులు, వీటికి నేను ఇప్పటికీ ఆయిలే వేస్తాను. బ్రౌన్ మీద పసుపు కనపడదు.

ఉప్పల్_సెకండ్‌ఫ్లోర్

ఆయిల్ అయినా నీళ్ళదైనా హై గ్లాస్ మాత్రం వద్దని నా మాట. మా పక్క ఫ్లాట్‌లో అద్దంలా మెరవాలని వేయించారు, పాత లప్పం మచ్చలు, బ్రష్ గీతలు, మేకు గుంటలు అన్నీ ట్యూబ్‌లైట్ వెలుగులో లెక్కపెట్టచ్చు. కొద్దిగా మాత్రమే మెరిసే శాటిన్ తీసుకోండి. తుడుచుకోవడానికి తుడుచుకోవచ్చు, లోపాలు కప్పుతుంది.

నెల్లూరు_నానీ

గోడలకి వేసిన ఎమల్షన్ సగం బకెట్ మిగిలింది, తెలుపే. అదే తలుపులకి లాగించేస్తే?

ఉప్పల్_సెకండ్‌ఫ్లోర్

@నెల్లూరు_నానీ వద్దు బ్రో. గడియ దగ్గర నెలలోపే నల్లబడుతుంది, తుడిస్తే పెయింటే వస్తుంది.

లప్పం_మాస్టర్

లాగించకండి నానీ గారు. అది పైకప్పుకి వాడుకోండి. అలాగే ఇంకో మాట, గోడలకి పెట్టే తెల్ల సిమెంట్ పుట్టీ తలుపు గుంటల్లో పెట్టనివ్వకండి. బకెట్‌లో మిగిలింది కదా అని చాలామంది పెట్టేస్తారు. చెక్క కదులుతుంది, సిమెంట్ కదలదు, ఏడాదిలో చుట్టూ గీత పడి బిళ్ళగా రాలుతుంది. చెక్కకి చెక్క లప్పమే. సుద్దపొడి, వార్నిష్, కొంచెం ప్రైమర్ కలిపి మేం చేసుకునేది ఒకటి, డబ్బాలో దొరికే వుడ్ ఫిల్లర్ ఒకటి. లోతు గుంటకి ఒకేసారి దట్టించకుండా రెండు విడతలుగా పెట్టి, ఆరాక పేపర్ పట్టాలి.

కృష్ణలంక_ఇల్లాలు

మాస్టారూ, బ్రష్షా, రోలరా, స్ప్రేయా? మేస్త్రి స్ప్రే అయితే ఫ్యాక్టరీ ఫినిష్ వస్తుందంటున్నాడు.

లప్పం_మాస్టర్

కాపురం ఉన్న ఇంట్లో స్ప్రే వద్దమ్మా. తలుపులు దింపి కింద పార్కింగ్‌లోకి తీసుకెళ్ళి కొడితే సరే, ఇంట్లో కొడితే ఆ పొగ ఫ్యాన్ల మీద, సోఫాల మీద దిగుతుంది.

ఫ్లష్ డోర్‌కి నాలుగంగుళాల స్పాంజి రోలర్. రోలర్‌తో పరిచి, అది తడిగా ఉండగానే వెడల్పు బ్రష్‌తో పైనుంచి కిందికి, బరువు ఆనకుండా ఒక్క చెయ్యి లాగి వదిలెయ్యాలి. వెనక్కి మళ్ళకూడదు. వాటర్ బేస్డ్ తొందరగా పట్టేస్తుంది, అయిదు నిమిషాల తర్వాత "ఇక్కడ కొంచెం తక్కువైంది" అని మళ్ళీ బ్రష్ పెడితే అక్కడ చెరిగి మచ్చ పడుతుంది. తక్కువైందనిపిస్తే రెండో కోటులో చూసుకోవాలి. ఫ్యాన్ ఆపండి, ఆరాక వేసుకోండి.

ప్యానెల్ డోర్ అయితే ముందు లోపలి పలకలు, వాటి అంచు బీడింగ్, తర్వాత అడ్డ పట్టీలు, ఆఖర్న నిలువు పట్టీలు. గుమ్మం అన్నిటికన్నా చివర. హ్యాండిళ్ళు, గడియలు విప్పించండి, టేపు చుట్టి పని కానిస్తాం అంటారు, ఒప్పుకోకండి. బందుల మీద రంగు పడనివ్వకండి, పడితే జీవితాంతం కిర్రుమంటాయి.

కృష్ణా పక్కన కాబట్టి ఇంకో మాట. సంక్రాంతి ముందు మంచు పడుతుంది. పొద్దున ఆరింటికే మొదలుపెడతామంటే వద్దనండి, తలుపు చల్లగా చెమ్మగా ఉంటుంది. పది తర్వాత మొదలుపెట్టి మూడింటికల్లా కోటు ముగించాలి. సాయంత్రం వేసింది రాత్రి మంచుకి మెరుపు చచ్చి మసకబారుతుంది.

కృష్ణలంక_ఇల్లాలు

నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను అన్నీ. మేస్త్రికి సర్జికల్ స్పిరిట్ టెస్టు, తలుపు అడుగు ఫొటో రెండూ చూపించాను. "పేపర్ పని, ప్రైమర్ కూలీ విడిగా ఇస్తే నేను మాత్రం ఎందుకు కాదంటానమ్మా" అన్నాడు. అదీ న్యాయమే, ఇస్తానన్నాను. శాటిన్ ఫినిష్, వాటర్ బేస్డ్, తెలుపు. మావారు ఒప్పుకున్నారు, పూజగది తలుపు మాత్రం బ్రౌన్ పాలిష్ ఉండనివ్వమన్నారు. అయిదు తలుపులకి ఎంత కొనాలి?

లప్పం_మాస్టర్

ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు తలుపుకి ఒక వైపు 21 చదరపు అడుగులు, రెండు వైపులా 42. గుమ్మం, అంచులు కలిపి మరో 15 వేసుకోండి. అయిదింటికి దగ్గర దగ్గర 285. రెండు కోట్లంటే 570. డబ్బా మీద రాసిన లెక్క నున్నటి పలక మీదిది, ఇంట్లో అంత రాదు. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి, లీటర్ డబ్బా ఒకటి తీసుకోండి, లీటర్ది మూత తియ్యకుండా ఉంచండి, మిగిలితే షాపాయన వెనక్కి తీసుకుంటాడేమో ముందే అడగండి. తెలుపు షేడ్ కార్డ్ నంబర్ తలుపు పై అంచు మీద పెన్సిల్‌తో రాయించండి. రేపు గీత పడినప్పుడు అదే కావాలి.

తెనాలి_టీచరమ్మ

అందరూ తలుపు చెప్పారు, గడప మాటెత్తలేదు. పండగ పూట పసుపు రాస్తాం కదా, తెల్ల గుమ్మం కింది జానెడు పసుపు మరకలు పడి ఎంత తుడిచినా పోవట్లేదు మాకు. ఏం చెయ్యాలి?

చెక్కపని_చీరాల

గడపకి పసుపు రంగు గ్లాస్ ఎనామెల్ వేయించుకోండి మేడమ్, ఆయిల్‌దే. తొక్కుడు ఎక్కువ, రోజూ నీళ్ళు పడతాయి, అక్కడ గట్టిదే కావాలి. ఆ పసుపు రంగుని గుమ్మం రెండు పక్కలా ఆరంగుళాలు పైకి తీసుకెళ్తే రాసిన పసుపు తెలుపుకి తగలదు, చూడ్డానికీ బాగుంటుంది.

సీమ_సిద్ధు

ఎట్టకేలకు ఆయిల్ పెయింట్ అన్నారు! మాస్టారూ, మా గడపకి రాయి, చెక్క కాదు. దానికీ అదే వేయచ్చా?

లప్పం_మాస్టర్

రాయి ఏ రకం సిద్ధు గారు, కడప బండా, గ్రానైటా? పాలిష్ పట్టిన గ్రానైట్ అయితే ఏదీ నిలవదు, వదిలెయ్యండి, పసుపు నేరుగా రాసుకుని తడిగుడ్డతో తుడుచుకోండి. బండ అయితే బాగా కడిగి, ఎండకి పూర్తిగా ఆరనిచ్చి వెయ్యచ్చు, కానీ చెమ్మ కిందనుంచి పైకొస్తుంటే ఏడాదికోసారి మళ్ళీ వేసుకోవాల్సిందే. ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.